మా ఇంట్లో ఆయిల్ సేల్

పెళ్లయి చీపురుపల్లి వచ్చాక ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం ఒకటి దొరికింది. ప్రపంచంలో ఏ సరుకుకు ఎక్కడ గిరాకీ ఉందో వెతికి నివేదికలు రాసే హైదరాబాద్ కంపెనీ అది. నాకు మొదట అంటగట్టిన సరుకు ఆయిల్ షేల్. పేరుకే ఆయిల్ గానీ అది రాయి. కోట్ల ఏళ్లు భూమిలో ఉండి కూడా చమురు కాలేకపోయిన రాయి. తవ్వి, ముక్కలు చేసి, బాగా కాలిస్తే అప్పుడు చమురు దిగుతుంది. మూడు నెలలు ట్రయల్ అన్నారు. ఆఖర్న నా నివేదికను వీడియో మీటింగులో పెద్దవాళ్లందరికీ వినిపించాలి. నచ్చితే ఉద్యోగం పర్మినెంట్, లేకపోతే నమస్కారం.

చదవడం కష్టం కాలేదు. కష్టమంతా 'ష'తోనే. మా వైపు నోళ్లలో అది నిలవదు, 'స' అయిపోతుంది. తొలి మీటింగులోనే "ఆయిల్ సేల్" అన్నాను. మా మేనేజరమ్మ నవ్వి, "సేల్ కాదండీ, షేల్. అమ్మకం అనుకుంటారు" అంది, పదిమంది ముందు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ రోజు నుంచి డాబా మీద బట్టలారేస్తూ "ఆయిల్ షేల్, ఆయిల్ షేల్" అని గట్టిగా సాధన మొదలుపెట్టాను.

కింద ఉన్న మా అత్త చెవికి చేరేసరికి అది మళ్లీ సేల్ అయింది. రేపు నివేదిక వినిపించాలనగా, పొద్దున్నే తలుపు తీస్తే వాకిట్లో ఆరుగురు ఆడవాళ్లు, చేతుల్లో స్టీలు క్యాన్లు.

"నువ్వుల నూనా, సెనగ నూనా? ఏటి పెట్టినావే అమ్మా?" అంది ముందున్నావిడ.

"నానే సెప్పినాను. మా కోడలు ఆయిల్ సేల్ పెడతన్నాదని" అంది అత్త గర్వంగా.

నా ఒళ్లు మండిపోయింది. లాప్‌టాప్ పట్టుకొచ్చి నల్లరాయి బొమ్మ చూపించి, "ఇదీ నేను చేసే నూనె వ్యాపారం" అని కథంతా చెప్పాను. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు. ఆవిడ తండ్రికి కోటబొమ్మాళి దగ్గర ఎద్దు గానుగ ఉండేది.

"సరే, రాయి కాల్సితే నూనొస్తాది. మరి కాల్సడానికి మంటెక్కణ్నుంచి వస్తాది?"

"బొగ్గో, గ్యాసో ఏదో ఒకటి తగలెయ్యాలి అత్తా."

"ఒసే, మా బాబు ఒకటే సెప్పీవోడు. గానుగెద్దు మేత పోను నూని మిగల్లేదంటే ఆ గానుగ మూసీడమే మంచిదని. నీ రాయికి మేత పోను ఏటి మిగుల్తాది?"

ఇన్నాళ్లూ నేను చదివిన కాగితాలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి, ఒక్కటీ ఇంత సూటిగా అడగలేదు. వచ్చినవాళ్లను ఖాళీ చేతులతో పంపకూడదని అత్త అందరి క్యాన్లలో మజ్జిగ పోసింది.

మర్నాడు మీటింగులో నోరు తెరిచిన మొదటి వాక్యంలోనే "ఆయిల్ సేల్" అనేశాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంక దాచేదేముందని తెగించి క్యాన్ల సంగతి చెప్పేశాను. తర్వాత ఒక్కో దేశాన్నీ అత్త ప్రశ్నే అడుగుతూ పోయాను. రాయిని రాయిగానే కాల్చి కరెంటు తీసుకునే ఎస్టోనియా ఎందుకు నిలబడింది, చమురు ధర పడ్డప్పుడల్లా మిగతాచోట్ల గనులెందుకు మూతపడతాయి, అన్నీ దానికే కట్టుబడ్డాయి. క్యాన్లకు అందరూ నవ్వారు గానీ ఎద్దు మేతకు ఎవరూ నవ్వలేదు. మేనేజరమ్మ ఆ మాటనే నివేదికకు శీర్షిక చేయమంది.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. సంతోషం పట్టలేక మెట్లు దిగుతూనే కేకేశాను.

"అత్తా, ఉద్యోగం ఇచ్చీసినారు!"

అత్త చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"అయితే నీ ఆయిల్ సేలైపోనాదన్నమాట!"

అలవాటుగా దిద్దబోయాను. దిద్దడానికి ఏమీ లేదు.