విషయం: పైరసీ గురించి

సముద్రపు దొంగలు ఎత్తుకుపోయిన మనిషి కోసం పెట్టిన అర్జీ మూడు వారాలు సినిమా సీడీల ఫిర్యాదుల కట్టలో పడి ఉంది. చదవకుండా దాన్ని అక్కడ పడేసినవాళ్ళది తప్పు. అక్కడికి దారి చూపిన మాట రాసింది మాత్రం నేను.

కొత్తగూడెంలో ఒక ఆఫీసు గేటు పక్కన రేకుల కింద బల్ల వేసుకుని నలభై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. బడిలో ఏడో తరగతి దాటలేదు. ఇంగ్లీషంతా ఆఫీసులు తిప్పి పంపిన కాగితాలు చదివి నేర్చుకున్నదే. అర్జీ పైన ‘విషయం’ అని ఒక వరస ఉంటుంది. సబ్జెక్ట్ లైన్ అంటారు. గుమాస్తా ఆ ఒక్క వరస చూసి, కాగితం ఏ సెక్షన్‌కు పోవాలో మూల మీద రాసేస్తాడు. కింద మనిషి ఎంత మొత్తుకున్నా అది తర్వాతి సంగతి. అందుకని ఆ వరసలో బరువైన ఇంగ్లీషు మాట ఒకటి వేయడం నా అలవాటు. నా దగ్గరికి జనం వచ్చేది దానికే అని గర్వం కూడా ఉండేది.

మూడేళ్ళ కిందట మిరప కోతల కాలంలో కొమురయ్య వచ్చాడు. బొగ్గు బావిలో పంపు నడిపి రిటైరై, జూలూరుపాడు దగ్గర ఉంటున్నాడు. కొడుకు రమేశ్ డీజిల్ మెకానిక్. గోవాలో పడవలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తూ, విదేశీ ముసలి దంపతుల యాట్‌లో ఇంజను చూసుకోవడానికి వాళ్ళతో బయల్దేరాడు. యాట్ అంటే తెరచాపలతో నడిచే చిన్న సొంత పడవ. దాన్నే ఇల్లు చేసుకుని వాళ్ళు దేశాలు తిరుగుతున్నారు.

“సైకిల్ తొక్కినంత జోరు గూడ ఉండదట రైటర్ సాబ్,” అన్నాడు కొమురయ్య. “ఫోన్ల ఒకటే నవ్వుడు. ‘బాపూ, మన ఎడ్లబండే నయం’ అన్నడు. అంచు మీదికెల్లి చెయ్యి వంచితే నీళ్ళు తగుల్తయట.”

ప్రమాదమంతా అందులోనే ఉందని నాకు తర్వాత అర్థమయింది. పెద్ద ఓడకు నిటారు గోడలుంటాయి, వెనకాల కంపెనీ ఉంటుంది, పనివాళ్ళ జాబితా ఉంటుంది. ఇలాంటి పడవకు పారిపోయే వేగం లేదు, ఎక్కేవాణ్ణి ఆపే ఎత్తు లేదు. నడిసముద్రంలో తుపాకులతో వచ్చినవాళ్ళు ముగ్గురినీ తీసుకుపోయారు. ఖాళీ పడవ దొరికిందని షెడ్డు యజమాని ఫోన్ చేశాడు. “మా పనివాడిగా పోలేదు, మాకు సంబంధం లేదు” అని కూడా చెప్పాడు.

“దొంగలు ఎత్తుకపోయిన్రని రాయి సాబ్,” అన్నాడు కొమురయ్య.

“దొంగలంటే కోళ్ళెత్తుకపోయెటోళ్ళనుకుంటరు. నువ్వూకో. దీనికి అసలు మాట నాకు తెలుసు.”

సముద్రం మీద దోపిడీని ఇంగ్లీషులో పైరసీ అంటారు. ‘విషయం: పైరసీ గురించి’ అని రాసి, కింద గీత కొట్టాను. లోపల సంగతంతా వివరంగానే రాశాను.

ప్రతి సోమవారం వెళ్ళి అడిగేవాళ్ళం. ఇన్‌వార్డ్ నంబర్, అంటే కాగితం అందినట్టు వేసే అంకె, చూసి “సెక్షన్‌కు పోయింది” అనేవారు. మూడో వారం దాటాక కొమురయ్య ఉతికిన చొక్కా వేసుకుని పరుగున వచ్చాడు.

“రైటర్ సాబ్! ఆఫీసుకెల్లి ఫోనొచ్చింది! పోరని గురించి అడుగుతున్రు. జల్దీ నడువు!”

సెక్షన్‌లో కుర్ర గుమాస్తా కాగితం ముందు పెట్టుకున్నాడు.

“పెద్దాయనా, నీ కొడుకు షాపు యాడ? ఏం సినిమా కాపీ కొట్టిండు?”

“సినిమా ఏంది సారూ? మావోడు సముద్రంల దొంగల చేతుల ఉన్నడు.”

“మరి పైరసీ అని రాసిన్రు గద!”

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. “రెండో వరసనన్న చదివిన్రా సారూ?” అన్నాను.

“దినాం ఎన్నని చదవాలె తాతా?”

బయటికొచ్చాక కొమురయ్య మెట్ల మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుకున్నాడు. “దొరికిండనుకున్న,” అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడే ఒడిలో అట్ట పెట్టుకుని మళ్ళీ రాశాను. ‘నా కొడుకును సముద్రపు దొంగలు ఎత్తుకుపోయినారు, విడిపించండి’. ఈసారి ఢిల్లీకి కూడా పంపాం. ఎనిమిదో రోజున టీవీలో చూపించారు, ఆ ముసలి దంపతులను వాళ్ళ దేశంవాళ్ళు మాట్లాడి విడిపించుకున్నారని. విమానంలోంచి ఇద్దరే దిగారు. కొమురయ్య మూడోవాడి కోసం ఆ వార్త అయిపోయేదాకా నిలబడే ఉన్నాడు. రమేశ్ కబురు ఇప్పటికీ లేదు.

ఇప్పుడు నా బల్ల దగ్గరికి ఎవరు వచ్చినా, వాళ్ళ నోట ఏ మాట వస్తే అదే పై వరసలో రాస్తాను. ఆ మాట కంటే బరువైనది నా దగ్గర లేదని తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది, ఒక ఇంటి బిడ్డను పోగొట్టాల్సి వచ్చింది. చదవకుండా కాగితం తోసేసేవాళ్ళు ఇంకా అవే కుర్చీల్లో ఉన్నారు.

షెడ్డు యజమానిని బతిమాలి ఆ ముసలావిడ ఈమెయిల్ సంపాదించి, నెట్ సెంటర్ నుంచి కొమురయ్య పేరున ఉత్తరం పంపాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. “ఉన్నదున్నట్టు చదువు, నీ మాటలు కలపకు,” అన్నాడు కొమురయ్య. తెలుగులో చదివి వినిపించాను:

“మీ అబ్బాయి చివరిదాకా మాతోనే ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. మమ్మల్ని వదిలే రోజు ఆ దొంగలు మా ఇద్దరి పేర్లున్న కాగితం తెచ్చారు. రమేశ్ కూడా చెప్పులేసుకుని మా పక్కన నిలబడ్డాడు. మూడో పేరు ఏదని నా భర్త అడిగాడు. వాళ్ళలో ఇంగ్లీషు వచ్చినవాడు కాగితం మళ్ళీ ఒకసారి చూసి అన్నాడు: ‘ఇతన్ని ఎవరూ అడగలేదు.’”