మా ఇంజను ఉల్టా తిరిగిన ముహూర్తం

తాండూరులో ఒక సోమవారం పొద్దున పది గంటల వేళ, నడుమెత్తు ఇనుప చక్రం ఒకటి పప్పుమిల్లు గేటు దాటి, ఎవరూ తోయకుండా, ఎవరూ పిలవకుండా, తనంతట తానే బజారులోకి వెళ్లింది. చూసినవాళ్లు ఆ తర్వాత చాలాకాలం ఆ గేటు ముందు అటూ ఇటూ చూసుకుని గబగబా దాటేవారు. దాన్ని అలా బజారుకి పంపిన ఘనుణ్ణి నేనే. గుండె దిటవు చేసుకుని వినండి.

పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడెనిమిదేళ్లు. నాకు ఇరవైమూడు. మాది నవాబుపేట పక్క పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. మా నాయిన దాకా మా వంశంలో ఎవరూ గొర్రెకంటే వేగంగా కదిలేదాన్ని అదుపు చేసి ఎరుగరు. నేను మాత్రం హైదరాబాదులో రెండేళ్లు యంత్రాల పని నేర్చి, ఆవిరి ఇంజన్ల గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం సగం చదివి (మిగతా సగంలో ఏముందో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది), తాండూరు కందిపప్పు మిల్లులో చేరాను.

ఇంజను బాధ్యత మస్తాన్ చాచాది. రైలింజన్లు నడిపి పింఛను పుచ్చుకున్న పెద్దాయన. ఇల్లు వికారాబాదులో. నేను ఆయన కింద సహాయకుణ్ణి. అంటే నూనె పోయడం, తుడవడం, తుడిచినదాన్నే మళ్లీ తుడవడం.

ఇంజను సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే నా ఘనకార్యం మీకు పూర్తిగా అర్థం కాదు. బాయిలరులో పుట్టిన ఆవిరి సిలిండరులోకి వచ్చి పిస్టన్‌ని ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి తోస్తుంది. ఆ తోపుడుకే పెద్ద చక్రం తిరుగుతుంది. ఏ క్షణాన ఆవిరి ఏ వైపు వెళ్లాలో తేల్చేది పైనున్న ఇనుప డబ్బాలో జారే వాల్వు. ఆ వాల్వుని ముందుకీ వెనక్కీ లాగేది ఇరుసు మీద బోల్టుతో బిగించిన గుండ్రటి బిళ్ల. ఇరుసు ఆ బిళ్ల నడిమధ్య నుంచి కాక ఓ పక్కనుంచి దూరుతుంది కాబట్టి అది కుంటుతున్నట్టు తిరుగుతుంది. చాచా దాన్ని ‘లంగ్డా’, అంటే కుంటోడు, అనేవాడు.

ఆ యేడు పప్పు సీజను మొదలయ్యే ముందు చాచా మేనకోడలి పెళ్లికి వికారాబాదు బయల్దేరాడు. స్టేషనులో రైలెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి వేలు చూపించాడు.

“బేటా, నూనె పొయ్యి. తుడువు. ఆ డబ్బ మాత్రం ముట్టకు.”

“ఎందుకు చాచా?”

“ఎందుకంటే నేను ముట్టకంటున్న గన్క.”

ఇది నాకు కారణంగా తోచలేదు. ఆ డబ్బా దగ్గర సన్నగా ఆవిరి కారుతోందని నాకు తెలుసు. ఆయన వచ్చేలోగా బాగుచేసి ఔరా అనిపించాలని నిర్ణయించుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం డబ్బా విప్పాను. వాల్వు తీసి, రుద్ది, అద్దంలా చేశాను. చేతిలో పానా ఉంది, ఒంట్లో ఉత్సాహం ఉంది, లంగ్డాని మాత్రం ఎందుకు వదలాలని దాన్నీ విప్పి కడిగాను. తిరిగి బిగించేటప్పుడు ఇరుసు మీద ఏ వైపున ఉండేదో ఒక్క క్షణం సందేహం వచ్చింది. గుండ్రటిదే కదా, ఎటు పెడితే ఏమని బిగించేశాను. పుస్తకంలో నేను చదవని సగం ఇక్కడే మొదలవుతుందట.

నడిపి చూద్దామంటే మిల్లు యజమాని సేటు ఒప్పుకోలేదు. “పూజగాక ముందు నిప్పు పెట్టొద్దు బీరయ్యా. రేపు ముహూర్తానికే షురూ చెయ్యి,” అన్నాడు.

సోమవారం మిల్లు నిండా జనం. తెల్లబట్టల పెద్దమనుషులు ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ల వెనక గొంగడి భుజాన వేసుకుని మా నాయిన. నేను ఇంజను నడుపుతానని విని పొద్దుటి బండికి దిగాడు.

“గింత పెద్దదాన్ని నువ్వొక్కనివే నడిపిస్తవా కొడుకా?”

“నేనొక్కణ్నే నాయినా. నువ్వు సూస్తుండు.”

కొబ్బరికాయ కొట్టారు. చక్రాన్ని చేత్తో కాస్త సరిచేసి ఆవిరి వదిలాను. ఇంజను ఒక్కసారి నిట్టూర్చి కదిలింది. ఎంత మెత్తగా తిరిగిందనుకున్నారు! చప్పుడు లేదు, కారడం లేదు. జనం చప్పట్లు కొట్టారు. నా ఛాతీ చొక్కా గుండీలతో కుస్తీ పట్టింది. నాయిన వైపు చూశాను. ఆయన ఇంజనుని చూడటం లేదు, ఇంజను నుంచి మిల్లు యంత్రాలకి పైన సాగే తోలు పట్టాని చూస్తున్నాడు.

“కొడుకా, గా పట్ట అవుతలికి పోవాల్నా, ఇవుతలికి రావాల్నా?”

నేను తలెత్తి చూశాను. పట్టా ఉల్టా పోతోంది. ఇంజను ఉల్టా తిరుగుతోంది. దానికి తగిలించిన మిల్లంతా ఉల్టా తిరుగుతోంది.

కందిపొట్టుని గోడ అవతలికి తోసే గొట్టం ఒకటుండేది, లోపల మెలితిరిగిన ఇనుపరేకుతో. బయట గొట్టం మూతిని ముంచేసేంత ఎత్తున పోయిన యేటి పొట్టు పేరుకుని ఉంది. రేకు ఉల్టా తిరగగానే ఆ పొట్టంతా లోపలికి ప్రయాణం కట్టి ముందు వరుస మీద బుస్సున దిగింది. తెల్లబట్టల పెద్దమనుషులు రెప్పపాటులో ఎర్రమట్టిలో పొర్లిన దున్నపోతుల్లా తయారయ్యారు.

“బీరయ్యా! ఇదేందిరా?” పొట్టు కుప్పలోంచి సేటు గొంతు.

“ఆపుతున్న సేట్! ఆపుతున్న!”

ఆవిరి కట్టేశాను. కానీ పెద్ద చక్రం ఊపు మీద ఉంది, ఆగడానికి టైము కావాలి. ఈలోగా ఇంకో ఉపద్రవం. గేటు ఎదురుగా, పట్టాతో తిరిగే ఇంకో ఇరుసు చివర నట్టుతో బిగించిన నడుమెత్తు చక్రం ఒకటుంది. సీదా తిరిగితే ఆ నట్టు బిగుస్తుంది. ఉల్టా తిరిగితే? సరిగ్గా ఊహించారు. ఆ తెలివి ఆదివారం నాకుంటే మీకీ కథ ఉండేది కాదు. నట్టు ఊడి నా కాళ్ల దగ్గర పడింది. చక్రం నేల మీద దూకి, ఎటు పోదామా అన్నట్టు ఒక్క క్షణం తచ్చాడి, గేటు వైపు తిరిగింది.

“జరుగుండ్రి! జరుగుండ్రి!” అని అరుస్తూ వెనకాల పరుగెత్తాను. అది బజారులో పడింది. ఒక సైకిలతను సైకిలు వదిలి అరుగెక్కాడు. నీళ్లబిందెతో వస్తున్న ఒకావిడ బిందె వదిలేసి గోడకి అతుక్కుపోయింది. ఎదురుగా ఎద్దులబండి. ఎద్దులే తెలివైనవి, బండివాడు చెప్పకుండానే పక్కకి తప్పుకున్నాయి. చక్రం వాటి తోకల్ని ఒరుసుకుంటూ పోయి, అమ్మకానికి నిలబెట్టిన నాపరాళ్ల వరుసలో దూరి, డజను బండలు పగలగొట్టి ఒరిగిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది తెలిశాక అక్కడే బండల ముక్కల మీద కూలబడ్డాను. వెనక్కి చూస్తే గేటు దగ్గర పొట్టులో మునిగిన పెద్దమనుషులు బొమ్మల్లా నిలబడి ఉన్నారు. తిట్టినా బాగుండును.

మరునాటి రైలుకి మస్తాన్ చాచా దిగాడు. సేటు చెప్పిందంతా విని, లంగ్డా బోల్టు వదులు చేసి, దాన్ని ఇరుసు మీద అవతలి పక్కకి తిప్పి బిగించాడు. మనిషి బీడీ కాల్చినంత సేపు పట్టలేదు. ఇంజను సీదా తిరిగింది.

“రైల్ల గిదే పనికి ఓ పెద్ద లివరు పెడ్తరు బేటా, ఇంజను వెనక్కి పోనీకె,” అన్నాడు. “నువ్వు లివరు లేకుండనే చేసినవ్. విప్పెటప్పుడు సుద్దతోని ఓ గీత గీస్తే నీ సొమ్మేం పోయింది?”

తర్వాత సేటు దగ్గరకెళ్లి, పోరడికి బుద్ధొచ్చింది, ఉండనీయమని అడిగాడు. సేటు చెవిలో పొట్టు దులుపుకుంటూనే ఒప్పుకున్నాడు. నాయిన మాత్రం నాకు చెప్పకుండా సోమవారమే బండెక్కి వెళ్లిపోయాడు. ఆయన పరువు తీశానని పదిహేను రోజులు సరిగా అన్నం తినలేకపోయాను.

పదహారో రోజున బషీరాబాదు నుంచి ఒక పెద్దమనిషి మిల్లుకి వచ్చాడు.

“ఉల్టా ఇంజనీరు అంటే మీరేనా?”

నేను పానా వెనక్కి దాచాను. “ఎవరు చెప్పిండ్రు?”

“మీ నాయిన. సంతల గొర్లమ్ముకుంట నలుగుర్ల చెప్పిండు. ‘నా జన్మల ఒక్క గొర్రెను వెనక్కి నడిపించలేకపోయిన. నా కొడుకు గంత ఇంజన్నే వెనక్కి నడిపించిండు’ అని. మాది నూనె గానుగ. పాత ఇంజను కొన్న. పెట్టిన కాణ్నించి ఉల్టనే తిరుగుతుంది. ఉల్ట తిప్పెటోనికి సీద తిప్పుడు రాదా అని వచ్చిన.”

దాచిన పానా మళ్లీ ముందుకి తీశాను. చాచా నవ్వి నవ్వి ఇంజను పట్టుకుని నిలబడ్డాడు. బషీరాబాదు వెళ్లాను, సుద్దతో గీత గీశాను, లంగ్డాని తిప్పాను. ఇంజను సీదా తిరిగింది. వాళ్లు నాకు దండ వేశారు.

దండతోనే తిరుగు బండెక్కి, ముందు కూర్చున్న ముసలమ్మ వింతగా చూస్తుండగా, చెయ్యెత్తి గంభీరంగా ప్రమాణం చేశాను: సూర్యచంద్రులు సాక్షిగా, ఒంట్లో ఊపిరి ఉన్నంతకాలం, గీత గీయకుండా ఏ బోల్టూ విప్పను. మా నాయిన చూస్తుండగా అయితే, సంతలో ఏం చాటుతాడో తెలీదు గనక, గీత గీసి కూడా విప్పను.