ముందు దండం ఎవరిది?

దొరల గడి కూలినా దాని గర్వం కూలడానికి ఇంకో రెండు తరాలు పడుతుంది. నాకింకా పాతికేళ్లు నిండని ఆ కాలంలో మా ఇంట్లో మిగిలిన ఆస్తి ఒక్కటే: దండం ముందు మేం పెట్టం, ఎదుటివాళ్లు పెట్టాలి, మేం తల ఊపాలి. మంథని దిక్కున మా ఊళ్లో గడి రాళ్లు ఎవరెవరి ఇళ్ల పునాదుల్లోకో చేరిపోయాయి గానీ, ఈ నియమాన్ని మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేదు (ఎవరికి పనికొస్తుంది గనుక?). దాన్ని మోసుకునే నేను కరీంనగర్‌లో ఒక చీరల షోరూములో ఫ్లోర్ మేనేజర్‌గా చేరాను. గుమ్మంలో కస్టమర్లకు నమస్కారం పెట్టాల్సి వచ్చినప్పుడల్లా సరిగ్గా అప్పుడే నా కళ్లజోడు జారేది, సర్దుకోవడానికి రెండు చేతులూ లేచేవి. వాళ్లు నమస్కారమనుకునేవాళ్లు. నేను కళ్లజోడనుకునేవాణ్ని.

మా షోరూములన్నింటికీ పెద్ద మా డైరెక్టర్ సార్. విప్పిన చీరను అమ్మకుండా మడవని మనిషి. ఆయనకు ఒకనాడు మేయర్ కావాలనిపించింది. దానికి ముందు ఏదో ఒక డివిజన్‌లో కార్పొరేటర్‌గా గెలవాలి కనుక, సిబ్బందిలో సగం మందిమి కండువాలేసుకుని ఆయన వెంట వాడవాడా తిరిగాం. గెలిస్తే పెద్ద షోరూం నా చేతికే అప్పగిస్తానని మాటిచ్చాడు. మా వంశానికి మళ్లీ ఒక గుమ్మం దొరికినట్టేనని నేను పొంగిపోయాను. సార్‌కు మాత్రం దుకాణం అలవాటు పోలేదు. బీడీలు చుట్టుకుంటున్న ఒకామె ముందు నిలబడి, "ఒక్కసారి నన్ను చూడుండ్రమ్మా, నచ్చకుంటే మార్చుకుందురు" అన్నాడు. ఆమె తలెత్తకుండానే, "ఎప్పుడు మార్చుకోవాలె సారూ, ఐదేండ్లకా?" అంది.

ఆ వాడలోనే మా ఊరి నుంచి వలస వచ్చిన ఒక ముసలాయన ఉండేవాడు. అందరూ పెద్దయ్య అనేవాళ్లు. ఆయన ఎటంటే వాడంతా అటే. సార్ చేతులు జోడించి ఆయన ముందుకు వెళ్తే, ఆయన సార్ పక్కనుంచి నన్ను చూసి, మంచం మీంచి దిగ్గున లేచి, భుజం మీది తువ్వాల చంకలో పెట్టుకుని, "దండం దొరా, బాంచెన్!" అన్నాడు. నేను అలవాటుగా తల ఊపాను. జోడించిన సార్ చేతులు గాల్లోనే ఉండిపోయాయి. మోటారు సైకిలు మీద కూర్చున్న ఒకడు గట్టిగా, "అరే, దొరలు మళ్లొచ్చిండ్రు రా! గీసారి చీరలమ్ముకుంట వచ్చిండ్రు" అన్నాడు. నవ్వులు, ఆ వెంటనే టపటపా మూసుకున్న తలుపులు.

కారెక్కగానే సార్ అన్నాడు: "నీ తలకాయ ఊపుడుతోని వాడంత పాయె. వాడంత సూస్తుండంగ ఆయనకు నువ్వే ముందు దండం పెట్టాలె. లేకుంటే పెద్ద షోరూం ముచ్చట మర్చిపో."

ఆ మధ్యాహ్నం ట్రయల్ రూములో గడియ పెట్టుకుని అద్దం ముందు సాధన చేశాను. చేతులు కలిసేవి, నడుము ఒప్పుకునేది కాదు. ఎంతసేపటికీ బయటికి రాకపోయేసరికి సేల్స్ పిల్ల తలుపు కొట్టి, "సార్, సైజ్ సరిపోతలేదా?" అంది. నిజానికి అదే సమస్య.

మరునాడు పెద్దయ్య ఇంటికి వెళ్లాను. నా చేతులు ఛాతీ దాకా రాకముందే "దండం దొరా" వినపడింది. ఆ తర్వాతి రోజు వెనక నుంచి వెళ్లాను. చెప్పుల చప్పుడుకే తిరిగి దండం పెట్టేశాడు. డెబ్బై దాటిన మనిషికి అంత చురుకెందుకో! పందెంలో ఓడినవాడిలా నిలబడితే ఆయన కోడలు, "ఇగ ఇద్దరు వంగుకుంటనే ఉండుండ్రి, ఓట్లు మేమేసుకుంటం" అంది.

మూడోనాడు పొద్దున్నే వెతుక్కుంటూ పోతే మంగలి దుకాణంలో దొరికాడు. మెడ చుట్టూ గుడ్డ, చేతులు గుడ్డలోపల, గడ్డం నిండా నురగ, గొంతు మీద కత్తి. బెంచీ నిండా జనం. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని నడుము వంచి, "పెద్దయ్యా, దండం" అన్నాను. గుడ్డ లోపల రెండు చేతులు కొట్టుకున్నాయి. "ఆగు దొరా, జర ఆగు! చేతులు లోపటున్నయి!" మంగలి అరిచాడు: "కదులకు పెద్దయ్యా, గొంతు తెగుతది!" బెంచీ బెంచంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు సాయంత్రానికి వాడంతా తిరిగి, మూసుకున్న తలుపులన్నీ తెరిపించిందని తర్వాత తెలిసింది. సార్ గెలిచాడు, తర్వాత మేయరూ అయ్యాడు, షోరూం నాకొచ్చింది. అవన్నీ వేరే సంగతులు.

ఆ పొద్దున గుడ్డ తీశాక పెద్దయ్య తన రెండు చేతులూ చూసుకున్నాడు. దండం పెడతాడేమోనని నేను ఎదురుచూశాను (చూశాను, అబద్ధమెందుకు?). పెట్టలేదు. కుర్చీ దిగి బెంచీ మీద కూర్చుని, కాస్త జరిగి, "కూసో బిడ్డా, చాయ్ తాగుదాం" అన్నాడు. నన్ను బిడ్డా అనడానికి ఈయనెవరని నాకు రక్తం మరిగింది. ఆ బిర్రబిగిసిన కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మొదటి చాయ్ కోపంతోనే తాగాను. రెండోది మాత్రం నేనే అడిగాను.