అబ్సలోన్ ఆగిన గుమ్మాలు

కౌకా లోయలోని ఆ ఊళ్ళో అబ్సలోన్‌కి జవాబు చెప్పకుండా ఎవరికీ తెల్లవారదు. నలభై ఏళ్ళ మనిషి. మాటా ఆలోచనా పుట్టుకతోనే నెమ్మది. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ ఆగి "బాగున్నావా?" అంటాడు. లోపలివాళ్ళు బయటికొచ్చి "బాగున్నాం" అనేదాకా కదలడు. గడ్డం మీద సబ్బు నురగతో ఒకరు, చేతిలో సగం కాలిన అరేపా రొట్టెతో ఒకరు, విసుక్కుంటూనే వస్తారు. చివరి గుమ్మం అబ్సలోన్ వాళ్ళదే. అక్కడ జవాబు చెప్పేది తండ్రి.

ఆ తండ్రి పోయాడు. అప్పట్నించి అబ్సలోన్ సొంత గుమ్మం దగ్గర ఆగడం మానేశాడు.

గుడ్ ఫ్రైడే నాడు దుఃఖమాత విగ్రహాన్ని ఊరేగించే పల్లకీ మోసే ఎనిమిది మందిలో తండ్రి ఒకడు. ఆ చోటు కొడుక్కి రావాలి. దారిలో అతని వల్ల బరువు దింపినా, కింద కర్ర ఆనించినా మాత్రం ఆ చోటు ఆ ఇంటికి ఇక ఎప్పటికీ దక్కదు. అక్క రూబియేలాకి అదే దిగులు.

"వాడు గుమ్మం గుమ్మానికీ ఆగుతాడు బాబాయ్, మీ భుజాలు ఊడిపోతాయి. ఈసారికి ఇంకెవర్నైనా పెట్టుకోండి."

పల్లకీ పెద్ద ఆర్సేసియో కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మీ నాన్న చోట ఇంకొకడా? ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది. వాడాగితే మేమూ ఆగుతాం. మోసేది నువ్వా, మేమా? పోయి వాడి చొక్కా ఇస్త్రీ చెయ్యి."

గుడ్ ఫ్రైడే నాడు అన్నంత పనీ అయింది. మొదటి గుమ్మం దగ్గరే అబ్సలోన్ ఠక్కున ఆగాడు. పల్లకీ ఊగింది.

"ఒరేయ్, తల్లి పడిపోతుందిరా!" వెనకవాడు కేక పెట్టాడు.

"బాగున్నాం, బాగున్నాం! నడువు నాయనా!" ఇంట్లోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

రొట్టెల కొట్టు దాటేసరికి ఎవరూ చెప్పకుండానే పదహారు కాళ్ళూ ఒక్కసారిగా ఆగుతున్నాయి, ఒక్కసారిగా కదులుతున్నాయి. జనం ముందుగానే గుమ్మాల్లోకి వచ్చి నిలబడుతున్నారు. రూబియేలా పల్లకీ వెనకే నడుస్తోంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఊరే, ఇంత గొప్పదని ఆమెకి తెలియదు.

తమ ఇల్లు వచ్చింది. తలుపు వేసి ఉంది. అబ్సలోన్ ఆగాడు.

"బాగున్నావా?"

తలుపు తెరుచుకోలేదు. మోసేవాళ్ళ మెడనరాలు ఉబ్బాయి. ఎవరో కుర్రాడు పల్లకీ కింద ఆనించడానికి కర్ర తెచ్చాడు.

"తియ్యరా అవతలికి," అన్నాడు ఆర్సేసియో పళ్ళ బిగువున.

రూబియేలా పెరటి దారిన పరుగెత్తి లోపలినుంచి తలుపు తీసింది. "బాగున్నాం రా," అంది ఏడుస్తూ.

అబ్సలోన్ ఆమెను చూశాడు. ఆమె వెనక చీకటిగదిలోకి చాలాసేపు చూశాడు. ఇంకెవరూ రాలేదు. ఆ చూపు ముగిసేదాకా కూడా మిగతా ఏడుగురూ బరువుతో అలాగే నిలబడ్డారు.

అప్పుడు అతను అడుగు వేశాడు. పల్లకీ కదిలింది.