తొట్టిలో తడిసిన గడియారం

అది మగవాళ్ళ చేతి గడియారం. నా మణికట్టుకు పెద్దది. తోలు బెల్టుకు మేకుతో మరో రెండు రంధ్రాలు పొడిస్తే తప్ప నిలిచేది కాదు. పెళ్ళైన మొదటి ఏడాది మా ఆయనకు నేనే కొనిచ్చాను. అప్పటికే నాకు టీచరు ఉద్యోగం ఉండేది. మద్రాసు వెళ్ళే బంధువు ఒకాయన చేత తెప్పించాను. మా ఆయన ఆదోని స్టేషన్లో పార్సిలు గుమాస్తా. మూడేళ్ళు ఆదోనిలో కాపురం చేశాం. తర్వాత టైఫాయిడ్ వచ్చి పన్నెండు రోజుల్లో ఆయన పోయారు. పిల్లలు లేరు. ఆ ఊళ్ళో ఉండలేక నేనే అడిగి ఎమ్మిగనూరుకు బదిలీ చేయించుకున్నాను. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి.

ఎమ్మిగనూరులో ఒక నేతవాళ్ళ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. లోపల పొద్దస్తమానం మగ్గం ఆడుతూనే ఉండేది. ఇంటామె గడపలో కూర్చుని రాట్నంతో నూలు కండెలు చుట్టుకునేది. మంచివాళ్ళే, కానీ నాతో మాట్లాడటానికి వాళ్ళకు జంకు. చదువుకున్న మనిషినని కొంత, మొగుడు పోయినదాన్నని కొంత. నేనూ కల్పించుకుని మాట్లాడేదాన్ని కాదు. బడి నుంచి వచ్చి, ఒక్కదానికి సరిపడా సంగటి కెలుక్కుని తినేదాన్ని. గడియారానికి కీ ఇచ్చి దిండు పక్కన పెట్టుకునేదాన్ని. ఆదివారం ప్రార్థనలో పాడితే తప్ప, బడి బయట నా గొంతు నాకు వినిపించేది కాదు.

నీళ్ళ పని ఉంటే ముందు గడియారం విప్పి గూట్లో పెట్టడం నా అలవాటు. ఆ రోజు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నారని తెల్లవారుజాము నుంచే హడావుడి. చీర కట్టుకుని, గడియారం పెట్టుకుని, చివరగా ముఖం కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాను. రాతి తొట్టిలో నీళ్ళు ముంచుతుంటే చెంబు చేయి జారి అడుక్కి పోయింది. ఏమీ ఆలోచించకుండా మోచేయి దాటేదాకా చేయి పెట్టి వెతికాను. చెంబు దొరికింది. పైకి తీశాక, బెల్టు నుంచి కారుతున్న నీళ్ళు చూశాను.

కొంగుతో తుడిచి చెవికి ఆనించాను. ఆడుతోంది. దేవుడా అనుకుని బడికి పరిగెత్తాను. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు గారు పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకుంటూ, "టైమెంతమ్మా?" అన్నారు. చూస్తే అద్దం లోపల మంచు పట్టినట్టు తెల్లగా ఉంది. ముళ్ళు కనపడలేదు. "తెలీదండీ," అన్నాను. ఆయన వింతగా చూశారు. సాయంత్రానికి గడియారం ఆగిపోయింది.

రోలు మీద ఎండలో పెట్టాను. ఇంటామె చూసి, "జొన్నల్లో పెట్టు టీచరమ్మా, తేమ గుంజుతాది," అని లోపలికి పోయి ఒక డబ్బా జొన్నలు తెచ్చిచ్చింది. రెండు రోజులు జొన్నల్లోనే ఉంచాను. మంచు పోయింది కానీ ముల్లు కదలలేదు. ఎమ్మిగనూరులో గడియారాలు బాగుచేసేవాళ్ళు లేరు, ఆదోనికి తీసుకుపోక తప్పదు. ఎమ్మిగనూరుకు వచ్చాక ఆ ఊరివైపు నేను మళ్ళీ పోలేదు.

శనివారం ఒంటిపూట బడి అయ్యాక బస్సెక్కాను. అది పత్తి కాలం. ఆదోనిలో జిన్నింగు మిల్లుల ముందు బండ్లు వరుస కట్టి ఉన్నాయి. గాలికి దూది ఎగిరి తలకూ చీరకూ అంటుకుంటోంది. తెలిసినవాళ్ళు ఎదురుపడి పలకరిస్తారేమోనని కొంగు తల మీదికి లాక్కుని నడిచాను. బజారులో ఒక బట్టల అంగడి మెట్ల కింద, ఒక మనిషి పట్టేంత చోట్లో గడియారాలు బాగుచేసే సాయిబు ఉన్నాడు. తెల్ల గడ్డం, ఒక కంటికి బిగించిన నల్ల గొట్టం అద్దం.

"నీళ్ళలో ముంచినారా అమ్మా?" మూత తెరవకముందే అడిగాడు.

"పొరపాటున."

"ఎన్ని దినాలైనాది?"

"మూడు."

"ఆ పొద్దే తెచ్చింటే బాగుండు. తుప్పు పట్టింటాది," అంటూ వెనక మూత తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. కాసేపు దాని లోపలివైపే చూస్తూ ఉండిపోయాడు. "దీన్ని నేనే బాగు చేసినా గదా ఒగసారి," అన్నాడు.

"లేదు, ఇది ఎప్పుడూ పాడవలేదు," అన్నాను.

మూత నా ముందుకు జరిపాడు. లోపల సూదిమొనతో గీసిన రెండు సన్నటి ఉర్దూ అక్షరాలున్నాయి. "ఇది నా గుర్తు. నా చేతికి వచ్చిన ప్రతి గడియారంలో గీస్తా. ఇది స్టేషన్లో పనిచేసే పొడుగాటి ఆయప్పది. అప్పుడూ నీళ్ళే పడినాయి. రైల్లో ఎవురో ముసిలామె దప్పిక అంటే చెంబుతో నీళ్ళు పట్టుకపోయినాడంట. అంతలో బండి కదిలె. దాని ఎంబడి పరిగెత్తి ఇస్తాంటే చెంబు ఒలికి ఈ చెయ్యంతా నీళ్ళు."

నేను మూతలోని ఆ గీతలనే చూస్తున్నాను.

"పది దినాలు సాయంత్రమైతే వచ్చి ఈడనే కూర్చుంటుండె. మా ఇంటామె కొనిచ్చినాది సాయిబూ, ఆమెకు తెలీకుండా బాగుచేసియ్యి అని. అందుకే మతికుండాడు. మీరే గదా ఆమె? ఆయప్ప బాగుండాడా?"

"బాగున్నారు," అన్నాను.

ఎందుకలా అన్నానో అప్పుడు తెలియదు. వచ్చే శనివారం రమ్మన్నాడు. తలూపి వచ్చేశాను.

ఆ వారం గదిలో గడియారం లేదు. వంట చేస్తూ, తింటూ ఆ పది రోజులు ఏవా అని వెతుక్కున్నాను. గుర్తొచ్చింది. పార్సిలాఫీసు గోడ గడియారం చెడిపోయిందనీ, అందుకే తన గడియారం అక్కడి బల్ల మీద పెడుతున్నాననీ ఆయన చెప్పారు. నేను నమ్మాను. ఎందుకు దాచారని మొదట కోపం వచ్చింది. తర్వాత నా సంగతీ గుర్తొచ్చింది. ఒకసారి ఆయన చేతిలో లాంతరు గాజు పగిలితే రెండు రోజులు నేను మాట్లాడలేదు. ఆ రోజుల్లో నేను అంత కటువుగా ఉండేదాన్ని. ఆయన భయపడ్డారు. నాకు చెప్పలేక ఆ మెట్ల కింద కూర్చున్నారు. ఇది తెలిసీ ఇప్పుడు నేను చేయగలిగిందేమీ లేదు. కనీసం "పోనీలెండి" అనడానికి కూడా మనిషి లేరు.

మళ్ళీ శనివారం వెళ్ళాను. సాయిబు గడియారం చేతికిచ్చాడు. ఆడుతోంది.

"దినానికి పది నిమిషాలు ఎనకబడతాది తల్లీ. అంతకన్నా నా చేత కాలేదు."

"సాయిబూ, నేను మీతో అబద్ధం చెప్పాను," అన్నాను. "ఆయన పోయి రెండేళ్ళయింది."

ఆయన కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "తెలుసు తల్లీ. బెల్టుకు కొత్త రంధ్రాలు చూసినా. మొగోడు బతికుంటే తన గడియారం ఎందుకిడుస్తాడు? నువ్వు బాగుండాడంటివి. నేను సరే అంటి."

నేను గడియారం చేతికి పెట్టుకున్నాను. తర్వాత ఆయనే అన్నాడు: "దినమ్మూ నీ మాటే సెప్తాండె. ఆఫీసుకు పోయేటప్పుడు బడి కిటికీ పక్కన కొంచేపు నిలబడతాడంట. నువ్వు పిల్లోళ్ళకు పాఠం సెప్తాంటే ఇంటాడంట. నీకు తెలిస్తే నవ్వుతావని సెప్పలేదంట."

అది కూడా నాకు తెలియదు.

బస్సులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. పక్కన పత్తి అమ్ముకుని వస్తున్న ముసలామె ఏమీ అడగకుండా కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. ఎమ్మిగనూరులో దిగేటప్పటికి పొద్దు వాలుతోంది. ఇంటామె గడపలో కండెలు చుడుతోంది.

"బాగైందా టీచరమ్మా?"

మామూలుగా అయితే అయిందని గదిలోకి పోయేదాన్ని. ఆ రోజు ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను. స్టేషను సంగతి, చెంబు సంగతి, పది రోజుల అబద్ధం, బడి కిటికీ, అన్నీ చెప్పాను. ఆ ఇంట్లో ఆయన గురించి మాట్లాడటం అదే మొదలు. ఆమె రాట్నం ఆపేసింది.

"పరిగెత్తి ఇచ్చినాడా నీళ్ళు?" అంది. "ఆ ముసిలామెకు అందినాయా?"

సాయిబును అది అడగడం నాకు తోచలేదు. "తెలీదక్కా," అన్నాను.

"అందింటాయిలే," అంది ఆమె.