నాడి మేస్త్రి

మందుల ఫ్యాక్టరీలో సెంట్రిఫ్యూజ్ నడిపే ఆయన్ని అందరూ నాడి మేస్త్రి అంటారు. గిర్రున తిరిగే యంత్రం మూత మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, పెద్ద వైద్యుడిలా తల పంకిస్తాడు. మీటరు వంక చూడటం ఆయనకు నామోషీ. ఇంట్లో మిక్సీకి కూడా నాడి చూడందే భార్యను మూత తియ్యనివ్వడు. భుజం మీద తువ్వాలు ఉండాల్సిన చోట, యంత్రంలో తొడిగే గుడ్డసంచి ఉతికి వేసుకుంటాడు.

కొత్తల్లుడు ఫ్యాక్టరీ చూడటానికి వచ్చిన రోజున ఆయనకు పట్టపగ్గాల్లేవు. "ఈ డ్రమ్ము నిండా చిల్లులే, అల్లుడుగారూ! లోపల గుడ్డసంచి తొడిగి, మందు కలిసిన చిక్కటి నీళ్లు వదుల్తాం. తిరిగే ఊపుకి నీళ్లు బయటికి చిమ్ముతాయి, మందు సంచికి ముద్దగా అంటుకుంటుంది. అంతా చేతిలో ఉంది!" అని ఊదరగొడుతూనే నీళ్లు వదిలాడు, తిప్పాడు, నాడి చూశాడు. "బ్రహ్మాండంగా ఆరింది!" అంటూ, డ్రమ్ము ఆగాక మూత ఎత్తాడు. లోపల చిల్లులు తప్ప ఏమీ లేవు.

"ముద్ద ఏదీ, మావయ్యగారూ?"

మేస్త్రి చాలాసేపు లోపలికి తొంగి చూశాడు. ముచ్చెమటలు పోశాయి. "ఈసారి వచ్చిన సరుకే నాసిరకం లెండి" అంటూ, భుజం మీది గుడ్డసంచి తీసి మొహం తుడుచుకున్నాడు.