చెంచురామయ్య వేళ్ల సాక్ష్యం

చెంచురామయ్య ఈ లోకంలో నమ్మింది రెండింటినే: తన కుడిచేతి బొటనవేలినీ, చూపుడువేలినీ. కారేపల్లిలో ఎరువు బస్తా కొంటే, ఇసుక కలిపారేమోనని దుకాణంలోనే గుప్పెడు తీసి నలిపేవాడు. పత్తిలో తేమ ఉందో లేదో వేళ్లే చెప్పాలి. అన్నం ఉడికిందని భార్య రాఘవమ్మ చెప్పినా, మెతుకు నొక్కి చూస్తే గాని కంచం ముందు కూర్చునేవాడు కాదు. ముప్పై ఏళ్లుగా వండి పెడుతున్న మనిషికి ఆ మాత్రం నమ్మకం దక్కకపోవడం ఎంత అన్యాయం!

తొంభై అయిదులో ఓ రోజు, కొడవలికి పదును పెట్టానని పాలేరు దస్రు చెబితే నమ్మక, వాడి చేతిలోంచి లాక్కోబోయాడు. పదును నిజమే. కుడి మణికట్టు దగ్గర నరం తెగింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు కలిపి కుట్టాడు గాని, కట్టు విప్పాక చూస్తే వేళ్లు మొద్దుబారి ఉన్నాయి.

"నరం కుట్టినవా, ఉత్త తోలే కుట్టినవా సారూ?"

డాక్టరు నొచ్చుకోకుండా చెప్పాడు. "పెద్దాయనా, నరంలో సన్నని పోగులుంటాయి. వాటికి తొడుగు చుట్టే కణాలు వేరే ఉంటాయి. తల్లి కడుపులోనే పోగు వాటికి రసాయనాలతో కబురు పంపుతుంది, బతకమనీ, పెరగమనీ, తనను చుట్టుకోమనీ. ఇప్పుడు కుట్టుకు కిందున్న మీ పోగులు చచ్చిపోయాయి. కణాలు బతికే ఉన్నాయి. అవి మళ్లీ పసివాటిలా మారి, వరసకట్టి, కొత్త పోగును రమ్మని తామే కబురు పంపుతాయి. నెలలు పడుతుంది."

"గా కబురు నువ్వు చూసినవా?"

"కంటికి కనబడేది కాదు."

"మరి పోగు దారి తప్పితే?"

"తప్పొచ్చు. ఒక వేలికి పోవాల్సింది పక్క వేలికి పోవచ్చు. అప్పుడు కళ్లు మూసుకుని, ఏ వేలు ముట్టుకున్నారో మళ్లీ నేర్చుకోవాలి. ఇంట్లోవాళ్లు సాయం పట్టాలి."

ఆ నెలల్లో ఆయన అనుమానించని మనిషి లేడు. ఎడమచేత్తో ఎంత నలిపినా మనసు కుదుటపడేది కాదు. ఈ వేళ్లు తిరిగి రాకపోతే, తనను మోసం చేయనివాడెవడని లోలోపల భయపడ్డాడు.

ఎండాకాలం వచ్చేసరికి అరచేతిలో చీమలు పాకినట్టయింది. మెల్లగా ఆ చిమచిమ వేళ్లలోకి దిగింది. వెంటనే రాఘవమ్మను పిలిచి, కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. ఆమె ముట్టుకుంది.

"నడిమి వేలు!" సంతోషం పట్టలేక అరిచాడు.

"కాదు. చూపుడువేలు."

"అబద్ధం! నాతోని ఆటలాడుతున్నవా?"

కళ్లు తెరిచాడు. ఆమె వేలు ఆయన చూపుడువేలి మీదే ఉంది. మళ్లీ మూశాడు, మళ్లీ తప్పాడు. తన వేళ్లే తనకు అబద్ధం చెబుతున్నాయి.

మూడోసారి కళ్లు మూసుకుని, ఆ చేతిని ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె ముట్టుకుంది.

"ఏ వేలో నువ్వే చెప్పు," అన్నాడు.

రాఘవమ్మ చెప్పింది. ఆయన కళ్లు తెరిచి చూడలేదు.